అప్పీల్లో రాజీ సరే, ఆలస్యం ఖరీదు ఎవరి చేతికి?

2025 సెప్టెంబరు 25న చెక్ బౌన్స్ కేసుల మీద సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పేపర్లలో దాని గురించి వచ్చినదంతా దాదాపు సమన్ల సంగతే. ఫిర్యాది స్వయంగా సమన్లు అందజేయొచ్చు, ఈమెయిల్ లాంటి దారుల్లో కూడా పంపొచ్చు, జిల్లా కోర్టుల్లో క్యూఆర్ కోడ్ పెట్టి మొదట్లోనే డబ్బు కట్టే వీలు కల్పించాలి అని. మంచి మాటలే. తీర్పు తెరిచి చదివితే నా కన్ను మాత్రం చివర్లో ఉన్న శాతాల దగ్గర ఆగిపోయింది.

రాజీకి ఆలస్యంగా వచ్చిన ముద్దాయి కట్టాల్సిన ఖర్చుల శాతాలవి. 2010లో దామోదర్ ప్రభు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన లెక్క కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళందరికీ నోటికి వచ్చు. మొదటి రెండు వాయిదాల్లో తేల్చుకుంటే ఏమీ లేదు. ఆ తర్వాత మెజిస్ట్రేటు దగ్గరైతే చెక్కు మొత్తంలో 10 శాతం, సెషన్స్ కోర్టులోనో హైకోర్టులోనో అయితే 15, సుప్రీంకోర్టు దాకా లాగితే 20. ఇప్పుడు దాన్ని సడలించారు. ముద్దాయి తన వైపు సాక్ష్యం చెప్పుకునే లోపు కడితే ఏమీ లేదు, ఆ తర్వాత తీర్పు లోపు 5, అప్పీల్లో 7.5, సుప్రీంకోర్టులో 10. ఎందుకు తగ్గించారంటే, కేసులు కుప్పలుగా ఉన్నాయి, ఈ మధ్య వడ్డీ రేట్లు కూడా తగ్గాయి అన్నారు.

ఆ రెండో కారణం దగ్గరే నాకు పేచీ. వడ్డీ రేట్లు తగ్గాయి కాబట్టి ఖర్చులు తగ్గించాం అంటే, ఆ ఖర్చులు ఆలస్యానికి వడ్డీ లాంటివని ఒప్పుకున్నట్టే. మరి ఆ వడ్డీ ఎవరికి పోతోంది? డబ్బు రాక ఇన్నేళ్ళు ఎదురుచూసినవాడికి కాదు, పేదలకి న్యాయసాయం చేసే న్యాయ సేవాధికార సంస్థకి.

నేను లాయర్ని కాను. చిన్న వ్యాపారుల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూసుకుంటూ బతుకుతాను. చెక్కులిచ్చినవాళ్ళూ, చెక్కులు పుచ్చుకున్నవాళ్ళూ ఇద్దరూ నా దగ్గరికి వస్తారు. అప్పీలు దాకా వచ్చిన చెక్ బౌన్స్ కేసులో రాజీ పడటం తప్పు కాదు, చాలాసార్లు అదే తెలివైన పని అని నా నమ్మకం. కానీ అక్కడ ఇప్పుడు నడుస్తున్న బేరం పద్ధతి మాత్రం తలకిందులుగా ఉంది.

బాబాయి నాలుగు లక్షలు

మా బాబాయి ఆర్టీసీలో రిటైరయ్యాక వచ్చిన డబ్బులోంచి కాలనీలో తెలిసినాయనకి నాలుగు లక్షలు చేబదులిచ్చాడు. ప్రామిసరీ నోటు రాయించుకున్నాడు. గడువు దాటి, అడిగి అడిగి, చివరికి చెక్కు తీసుకున్నాడు. 2018 చివర్లో ఆ చెక్కు ఖాతాలో డబ్బు లేదని తిరిగొచ్చింది. నోటీసు, పదిహేను రోజులు, కేసు. మధ్యలో కరోనా. 2023లో మెజిస్ట్రేటు కోర్టు ఏడాది జైలు, ఆరు లక్షల పరిహారం అంది. అవతలాయన అప్పీలుకి వెళ్ళాడు. శిక్ష ఆగింది. చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) సెక్షన్ 148 ప్రకారం పరిహారంలో 20 శాతం, అంటే లక్షా ఇరవై వేలు కోర్టులో కట్టాడు.

తీర్పు వచ్చిన రోజు ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోయాయి. ప్లీడరు గారు మాత్రం ఫైలు కట్టేసుకుంటూ, "ఇక రాజీ మాటలు మొదలవుతాయి, చూస్తూ ఉండండి" అన్నారు. నెల తిరక్కుండానే మొదలయ్యాయి. ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చి టీ తాగి, "అసలు నాలుగూ ఇచ్చేస్తాడట బాబూ. కోర్టులో కట్టిన లక్షా ఇరవై అందులోనే అనుకోండి. ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు.

బాబాయి ఆయన ముందు నోరు విప్పలేదు. ఆయన అటు వెళ్ళగానే నా మీద పడ్డాడు. "జడ్జి గారు ఆరిమ్మంటే వీడు నాలుగిస్తానంటాడేంట్రా? పైగా అదేదో నాకు దానం చేస్తున్నట్టు!"

కోపం న్యాయమైనదే. కానీ కోపంలో కనపడని లెక్క ఒకటుంది. నోటు మీద సివిల్ దావా వేసుకోవడానికి చట్టం ఇచ్చేది మూడేళ్ళు. క్రిమినల్ కేసు నడుస్తోంది కదా, మళ్ళీ కోర్టు ఫీజు కట్టి ఇంకో కేసు ఎందుకని బాబాయి దావా వేయలేదు. చాలామంది వేయరు. అప్పీలు నాటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు సెషన్స్ కోర్టు ఏ సాంకేతిక కారణం మీదనో శిక్ష కొట్టేస్తే? నోటీసు అందిన తేదీ మీద తగాదా రావచ్చు. రిటైరైనవాడు అంత డబ్బు నగదుగా ఎలా ఇచ్చాడన్న ప్రశ్న రావచ్చు. శిక్ష పోతే పరిహారమూ పోతుంది. జమ చేసిన 20 శాతం ఈలోగా తీసుకుని ఉంటే దాన్ని బ్యాంకు రేటు వడ్డీతో సహా తిరిగి కట్టాలి. అంటే అప్పీలు అనేది శిక్ష పడ్డవాడికి మాత్రమే టెన్షన్ కాదు. కింది కోర్టులో గెలిచినవాడు కూడా అక్కడ అంతా పోగొట్టుకోవచ్చు. ఇద్దరికీ భయం ఉన్న చోటే రాజీ కుదురుతుంది. దాన్ని అవమానంగా చూడక్కర్లేదు.

చట్టం కూడా ఎక్కడా అడ్డు చెప్పలేదు. అదే చట్టంలో సెక్షన్ 147 వచ్చిందే రాజీకి దారి ఇవ్వడానికి. కింది కోర్టులో శిక్ష పడ్డాక కూడా, ఏ దశలోనైనా రాజీ పడొచ్చని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. రాజీ కుదిరితే శిక్ష రద్దై కేసు పూర్తిగా కొట్టేసినట్టే.

మొత్తానికి అటూ ఇటూ తిరిగి 2025 మొదట్లో ఐదున్నర లక్షల దగ్గర తేలింది. కోర్టులో ఉన్న లక్షా ఇరవై, మిగతా నాలుగు లక్షల ముప్పై వేలకి డీడీ.

అరవై వేలు

రాజీ మెమో, అంటే ఇద్దరూ సంతకం పెట్టి కోర్టుకిచ్చే రాజీ కాగితం, ఇచ్చే రోజు బెంచ్ గుమస్తా ఒక మాటన్నాడు. పదిహేను శాతం చలానా ఏదీ? అప్పటికి పాత లెక్కే కదా, నాలుగు లక్షల మీద అరవై వేలు. అవతలాయన భార్య హ్యాండ్‌బ్యాగులోంచి రసీదు తీసి ఇచ్చింది. న్యాయ సేవాధికార సంస్థ పేరు మీద కట్టిన రసీదు. బాబాయి కళ్ళజోడు పైకి తోసి దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇదెందుకు కట్టారు?"

ఆలస్యంగా రాజీకి వచ్చినందుకు అని చెప్పాను.

"ఆలస్యం ఎవరికైంది? నాకా, వాళ్ళకా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ప్లీడరు గారి దగ్గర ఉంది: "కోర్టు సమయం వృథా అయినందుకండీ." నిజమే. దామోదర్ ప్రభు తీర్పు ఉద్దేశం కూడా అదే. చివరిదాకా సాగదీసి, జైలు గుమ్మం కనపడ్డాక రాజీకొచ్చేవాళ్ళని మొదట్లోనే రప్పించాలని. ఆ డబ్బు వృథాగా పోదు కూడా. లాయర్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకి సాయం చేసే సంస్థకే అది చేరుతుంది. దాని మీద నాకు చిన్నచూపు లేదు.

కానీ లెక్క వేసి చూడండి. 2011లో ఆర్. విజయన్ కేసులో సుప్రీంకోర్టు ఒక పనికొచ్చే మాట చెప్పింది. చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా వేసే అధికారం ఉంది కాబట్టి, చెక్కు మొత్తం, దాని మీద ఏడాదికి 9 శాతం సాధారణ వడ్డీ కలిపి ఫిర్యాదికి నష్టంగా లెక్కగట్టి, ఆ మేరకు పరిహారం ఇప్పించమని కింది కోర్టులకి చెప్పింది. నాలుగు లక్షల మీద 9 శాతం అంటే ఏడాదికి 36 వేలు. ఆరేళ్ళకి 2 లక్షల 16 వేలు. మొత్తం 6 లక్షల 16 వేలు. బాబాయికి దక్కింది ఐదున్నర. ఆ అరవై వేలు కూడా ఆయన చేతికే వచ్చుంటే 6 లక్షల 10 వేలు, విజయన్ లెక్కకి కూతవేటు దూరం. అంటే అవతలాయన జేబులోంచి దాదాపు న్యాయమైన మొత్తమే బయటికొచ్చింది. కాకపోతే అందులో ఒక వంతు దారి తప్పింది.

కొత్త లెక్క ప్రకారం ఇదే రాజీ ఈ రోజు జరిగితే ఖర్చు 30 వేలు. మిగిలిన 30 వేలు ఫిర్యాదికి ఇవ్వాలని ఎక్కడా లేదు. అది ముద్దాయికి మిగులు. ఆరేళ్ళు ఒకరి డబ్బు వాడుకుని, దానికి కోర్టు పరంగా తప్పనిసరిగా కట్టాల్సింది ఏడున్నర శాతం. ఏడాదికి కాదు, మొత్తం ఆరేళ్ళకీ కలిపి. ఇంత చవగ్గా ఏ బ్యాంకూ అప్పివ్వదు, ఏ చిట్టీ పాటలోనూ దొరకదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. అప్పీల్లో రాజీ అనగానే బల్ల మీద పడే మొదటి అంకె "చెక్కు మొత్తం" కాకూడదు. "చెక్కు మొత్తం, చెక్కు తేదీ నుంచి 9 శాతం" కావాలి. అక్కడి నుంచి ఇద్దరూ దిగొచ్చు, ఎక్కొచ్చు, వాళ్ళిష్టం. ఇప్పుడేమో ఫిర్యాది అసలు దగ్గర మొదలుపెట్టి పైకి దేకాలి, వడ్డీ అడిగితే అత్యాశపరుడిలా కనపడతాడు. సెప్టెంబరు తీర్పులో ఇంకో వాక్యం ఈ ఇబ్బందిని పెంచుతుందేమో అని నా అనుమానం. ఫిర్యాది చెక్కు మొత్తం కాకుండా వేరే బాకీలు, మొత్తం లోను సెటిల్మెంటు లాంటివి అడిగితే, ముద్దాయిని నేరం ఒప్పుకోమని సూచించి తేలిక మార్గంలో ముగించే వీలుంది అని మెజిస్ట్రేట్లకి అందులో చెప్పారు. దాని గురి ఒక చెక్కు అడ్డం పెట్టుకుని మొత్తం లోను రాబట్టే ఫైనాన్స్ కంపెనీల మీద అని అర్థమవుతూనే ఉంది. ఆ వాక్యం విచారణ కోర్టులకి సంబంధించినదే, అప్పీళ్ళకి కాదు. అయినా రేపు కోర్టు వరండాలో పెద్దమనుషులు దాన్నెలా వాడతారో ఊహించగలను. "చెక్కు డబ్బు కాక ఇంకేమీ అడక్కూడదట బాబూ, సుప్రీంకోర్టే అంది."

జైలుకి పంపితే పోలా?

ఈ మాట నాతో చాలామంది అన్నారు. ముఖ్యంగా మా పిన్ని. ఆవిడ దృష్టిలో రాజీ అంటే దొంగకి తాళం చెవి ఇవ్వడమే. అప్పీల్లో రాజీ దొరుకుతుందని తెలిస్తే మొదట్లో ఎవడు కడతాడు అని ఆవిడ ప్రశ్న. ఇది తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. నిజానికి రాజీ ఎప్పుడైనా దొరుకుతుందన్న ధైర్యమే ఈ కేసులు పేరుకుపోవడానికి ఒక కారణం. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు చెక్ బౌన్స్‌వే అని సుప్రీంకోర్టే 2021లో రాసింది.

అందుకే పిన్ని వాదన విన్నాక కూడా నేను రాజీ వద్దనను, రాజీ ఖరీదు పెంచమంటాను. జైలు వల్ల బాబాయికి ఒక రూపాయి రాదు. వచ్చేది పరిహారం వల్ల. ఆ పరిహారం వసూలుకి మళ్ళీ పిటిషన్లు, వారంట్లు, హైకోర్టులో రివిజన్. బాబాయికి డెబ్బై దాటాయి. ఆయనకి కావలసింది అవతలాయన జైల్లో తినే ముద్ద కాదు, మనవరాలి ఇంజనీరింగ్ ఫీజు.

అయితే కాదనే హక్కు మాత్రం ఫిర్యాది దగ్గరే ఉండాలి. ఈ విషయంలో చట్టం గట్టిగానే ఉంది. ఫిర్యాది ఒప్పుకోకుండా రాజీ లేదని 2012లో ఒకసారి, ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో ఒక తీర్పు, డబ్బు ముట్టిందని కోర్టుకి తృప్తి కలిగితే ఫిర్యాది ఒప్పుకోకపోయినా కేసు మూసేయొచ్చు అన్న దారి తెరిచింది. 2021లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ దారి మూసేసింది. 2024లో మాత్రం ఒక కేసులో ఫిర్యాది ససేమిరా అన్నా, డబ్బంతా జమైందని సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారంతో కేసు ముగించింది. అక్కడ కూడా ఒట్టి అసలుతో సరిపెట్టలేదు, పైన వడ్డీ కింద కొంత కట్టించారు. బలవంతంగా రాజీ చేయించినప్పుడు వడ్డీ ఇప్పించిన కోర్టు, ఇష్టపూర్వకమైన రాజీలో దాని ఊసెత్తకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఇష్టపూర్వకం అన్నాను గానీ, అది ఎంతవరకు ఇష్టమో అప్పీలు కోర్టుల్లో కూర్చుని చూడాలి. జాతీయ లోక్ అదాలత్ తేదీ దగ్గర పడేకొద్దీ ప్రతి వాయిదాలోనూ "ఏమైంది, తేల్చుకున్నారా?" అన్న ప్రశ్న ఫిర్యాది వైపే వస్తుంది. డబ్బు ఇవ్వాల్సినవాడిని "ఎంత తెచ్చావు?" అని అడిగినట్టు నేను పెద్దగా వినలేదు.

టిఫిన్ సెంటర్ ఆయన

ఇంతదాకా నేను మాట్లాడింది బాబాయి లాంటివాళ్ళ తరఫున. నా దగ్గరికి వచ్చే ఇంకొకాయన కథ చెప్పకపోతే ఈ వాదన సగమే అవుతుంది.

ఆయనకి టిఫిన్ సెంటర్ ఉంది. ఒక ప్రైవేటు ఫైనాన్స్ వ్యాపారి దగ్గర రెండు లక్షలు తీసుకున్నాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 36 శాతం. హామీగా రెండు ఖాళీ చెక్కులు, సంతకాలు పెట్టి. మన దగ్గర ఇది ఎంత మామూలో చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళు వడ్డీ కట్టాడు, చాలావరకు నగదుగా. ఒక చిన్న నోట్‌బుక్కులో తేదీలు రాసుకున్నాడు, కానీ పక్కన వ్యాపారి సంతకాలు లేవు. వ్యాపారం దెబ్బతిని వడ్డీ ఆగగానే ఒక చెక్కులో ఐదు లక్షలని నింపి బ్యాంకులో వేశారు. సంతకం నీదే అయినప్పుడు మిగతాది ఎవరు నింపినా చట్టం నీ మీదే బాకీ ఉందని అనుకుంటుంది, లేదని నువ్వే చూపించాలి. ఖాళీ చెక్కు విషయంలో సుప్రీంకోర్టు 2019లో ఈ మాట సూటిగానే చెప్పింది. ఆయన చూపించలేకపోయాడు. శిక్ష పడింది. అప్పీలు.

నా 9 శాతం లెక్క ఇక్కడ పెడితే? ఐదు లక్షలు, మూడేళ్ళు, 1 లక్షా 35 వేల వడ్డీ. మొత్తం 6 లక్షల 35 వేలు. తీసుకున్నది రెండు! నేను అంత న్యాయంగా అనుకున్న అంకె ఈ మనిషి నెత్తిన బండ అవుతుంది. ఈ కేసు తెలిశాక నా ఆలోచన కొన్నాళ్ళు అక్కడే ఇరుక్కుపోయింది.

తర్వాత అనిపించింది, బేరంలో అవతలి పక్షం అడిగిందేమిటో కూడా చూడాలి కదా అని. ఫైనాన్స్ వ్యాపారి మొదట అడిగింది చెక్కు ఐదు, "నా వడ్డీ" నాలుగు, మొత్తం తొమ్మిది. అంటే కోర్టు గుర్తించే వడ్డీ రేటు ఒకటి బల్ల మీద లేనందువల్ల బాబాయి లాంటివాళ్ళు సున్నా దగ్గర మొదలుపెడుతున్నారు, ఈ వ్యాపారి లాంటివాళ్ళు 36 దగ్గర మొదలుపెడుతున్నారు. 9 అన్న అంకె ఉంటే మెతకవాడికి ఊతం, గట్టివాడికి కట్టడి. ఇక చెక్కు మొత్తమే అబద్ధమైతే దానికి మందు వడ్డీ రేటులో లేదు. రాజీ బేరంలోనే ఆ చెక్కు వెనక అసలు ఎంత ఇచ్చారని అడగాలి. చెక్కు మొత్తం కంటే తక్కువకి ఒప్పుకోకూడదని ఏ చట్టమూ చెప్పలేదు.

చివరికి ఆయన కేసు మూడున్నర లక్షలకి తెగింది. అక్కడ ఇంకో చిక్కు. 15 శాతం ఖర్చు చెక్కు మొత్తం మీద, అంటే ఐదు మీద 75 వేలు. "మూడున్నరకి ఒప్పుకుంటే ఐదు మీద లెక్కేంటి సార్?" అని నన్నే అడిగాడు పాపం. ఆయన లాయరు పిటిషన్ వేస్తే జడ్జి గారు పరిస్థితి చూసి బాగా తగ్గించారు. ఆ వెసులుబాటు దామోదర్ ప్రభు తీర్పులోనే ఉంది, కారణాలు రాసి తగ్గించొచ్చని. లోక్ అదాలత్ రాజీలకి కూడా అదే వర్తిస్తుందని 2014లో చెప్పారు.

ఇక్కడే సెప్టెంబరు తీర్పు మీద నా అసలు అభ్యంతరం. నిజంగా చేతకానివాడికి తగ్గించే అధికారం కోర్టులకి ముందే ఉంది. కేసును బట్టి వాడుతున్నారు కూడా. మరి అందరికీ ఒకే కోతగా సగానికి దించితే లాభపడేది టిఫిన్ సెంటర్ ఆయనా, కావాలనే ఆరేళ్ళు సాగదీసినవాడా? మొదటివాడికి ఎలాగూ తగ్గేది.

ఖర్చు ఎక్కువైతే రాజీలే కుదరవన్న వాదన ఒకటుంది. విచారణ దశలో అది కొంత నిజం కావచ్చు. ఇంకా గెలుస్తానన్న ఆశ ఉన్నవాడు అదనంగా కట్టమంటే మొరాయిస్తాడు. అప్పీల్లో పరిస్థితి వేరు. అప్పటికే నేరం రుజువైంది, జైలు శిక్ష కాగితం మీద ఉంది, 20 శాతం జమ కట్టకపోతే ఆగిన శిక్ష మళ్ళీ మీద పడొచ్చు. ఆ స్థితిలో ఉన్నవాడు ఏడున్నరైతే వస్తాడు, పదిహేనైతే రాడు అంటే నేను నమ్మను. ఫిర్యాదికి వడ్డీ ఇవ్వమన్నా వస్తాడు, కాస్త గొణుక్కుంటూ.

మెమో మీద సంతకానికి ముందు

డబ్బు సంగతి తేలాక కూడా జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. బాబాయి కేసులోనే చూశాను. డీడీ మీద ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. పాస్‌బుక్కులో ఒకలా, డీడీలో ఒకలా. అవతలి లాయరు, "బ్యాంకు మేనేజరు తెలిసినాయనే, వేసుకుంటారు, ముందు సంతకం కానివ్వండి, జడ్జి గారు లేచిపోతారు" అని తొందర పెట్టారు. మా ప్లీడరు గారు కుర్చీలోంచి కదల్లేదు. "వాయిదా తీసుకుందాం, సరైన డీడీ తెండి." వారం పట్టింది. ఆ వారమంతా బాబాయి అన్నం సరిగ్గా తినలేదు, నిజమే. కానీ సంతకం పెట్టి, కేసు కొట్టేశాక, ఆ డీడీ తిరిగొచ్చుంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

వాయిదాల మీద కడతానన్నప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. రాజీ కింద కొత్త చెక్కులు తీసుకుని పాత కేసు మూసేసుకునేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. కొత్త చెక్కు కూడా బౌన్స్ అయితే దాని మీద మళ్ళీ కేసు వేసుకోవచ్చు, 2021లో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. కానీ ఒకసారి ఒప్పందం చేసుకున్నాక పాత చెక్కు కేసునీ, కొత్తదాన్నీ రెండింటినీ పక్కపక్కన నడపడం కుదరదని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే అప్పీలు దాకా ఎక్కినవాడు మళ్ళీ నోటీసు దగ్గరికి దిగాలి. వాయిదాలే గతి అయితే లోక్ అదాలత్‌లో అవార్డు చేయించుకోవడం మేలు. అది సివిల్ డిక్రీతో సమానం, కట్టకపోతే నేరుగా ఎగ్జిక్యూషన్ (వసూలు పిటిషన్) వేసుకోవచ్చని 2011లో తేల్చారు. లేదంటే చివరి వాయిదా ముట్టేదాకా అప్పీలు పెండింగులోనే ఉంచమని అడగాలి. అవతలివాళ్ళు ఇష్టపడరు. ఇష్టపడకపోతే ఎందుకో ఆలోచించాలి.

కోర్టులో ఉన్న 20 శాతం జమ సంగతి మెమోలో విడిగా రాయించాలి. రాజీ మొత్తంలో అది కలిసి ఉందా, వేరా? ఎవరు విత్‌డ్రా చేసుకుంటారు? దీనికి ముద్దాయి అభ్యంతరం లేదని ఒక ముక్క ఉందా? విచారణలో సెక్షన్ 143ఎ కింద మధ్యంతర పరిహారం కట్టి ఉంటే అది ఈ 20 శాతానికి అదనం కాబట్టి దాని లెక్క కూడా. ఇవి రాయకపోతే రాజీ అయ్యాక జమ డబ్బు కోసం మళ్ళీ పిటిషన్.

చెక్కు తేదీ, రాజీ తేదీ, మధ్యలో ఎన్నేళ్ళు, 9 శాతం చొప్పున ఎంత, అందులో ఎంత వదులుకుంటున్నాం అన్న ఐదు వరుసలు కూడా మెమోలో ఉండాలని నేను నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెబుతున్నాను. వదులుకుంటే వదులుకోనివ్వండి, ఎంత వదులుకున్నాడో జడ్జి గారు చూస్తారు, ముద్దాయి కూడా చూస్తాడు. ఆ వరుసలు చూపించి, ముద్దాయి ఫిర్యాదికి ఇంత వడ్డీ ఇస్తున్నాడు కాబట్టి సంస్థకి కట్టే ఖర్చు తగ్గించండి అని ఇద్దరూ కలిసి అడగొచ్చు. కారణాలు రాసి తగ్గించే అధికారం ఎలాగూ ఉంది, ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది? మొన్న ఒక ప్లీడరు గారితో ఈ మాటంటే ఆయన నవ్వి, "ఈసారి వేసి చూస్తాను, డిస్మిస్ అయితే మీ పేరు చెబుతా" అన్నారు.